పంపినవారి పేరు

రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బటనక్క ఒక లోడింగు మనిషితో మాట్లాడుతోంది. "తమ్ముడూ, కూర్చున్నావా? కాసేపట్లో నీకో మెసేజ్ వస్తుంది, రేపటి నుంచి రావద్దని. ముందు నా నోటితో చెబుదామని చేశా." అవతలి తిట్లన్నీ ఓపిగ్గా విని, ఫోను పెట్టేసి, కంప్యూటర్లో 'పంపు' నొక్కింది.

గోదాము ఆఫీసులో ఆమె ఉద్యోగమంతా ఆ ఒక్క నొక్కుడే, అందుకే ఆ పేరు. తీసేసినవాళ్ల జాబితా పైనుంచి వస్తుంది. నొక్కితే కబురు వెళుతుంది. అడుగున పంపినవారిగా ఆమె పేరుంటుంది. ఫోను చేయమని మాత్రం ఎవరూ చెప్పలేదు. బస్తాల కింద పడి నడుము విరిగిన సొంత మొగుడికి కూడా అలాగే ఫోను చేసి చెప్పి, కళ్లు తుడుచుకుని నొక్కింది. "నువ్వే పంపితే ఇంకెవరితో పోట్లాడను?" అని నవ్వాడతను. అప్పటి నుంచీ మంచం మీదే ఉన్నాడు. ఇల్లు ఈమె జీతంతోనే నడుస్తోంది.

ప్రోగ్రామరు పక్కకి కుర్చీ లాక్కున్నాడు. "అక్కా, ఇకమీదట నువ్వు నొక్కక్కర్లేదు. టీ వేళయ్యేసరికి కంప్యూటరే నొక్కేసుకుంటుంది."

"మరి నేను?"

"హాయిగా ఫోన్లు చేసుకో."

ఆమె మొహం విప్పారింది. కానీ అతని పని ఒకచోట చిక్కుకుంది. ఆ బటను వెనకున్న పాత కోడునే వేళకి దానంతటదే నడిచేలా చేయబోతే, నొక్కిన మనిషెవరని అడుగుతోందది. పేరు లేనిదే కదలనంటోంది.

"నీ పేరు అందులో రాసేస్తానక్కా. ఎవరూ నొక్కకపోయినా నువ్వే నొక్కావనుకుంటుంది."

"పేరే కదా, పెట్టుకో."

గుమ్మంలో నిలబడి మేనేజరు అంతా విన్నాడు. సాయంత్రం జాబితాలో ఎవరున్నారో అతనికి తెలుసు. "పనయిందా?" అని మాత్రం అడిగి టీ తెప్పించుకున్నాడు. ఆ టీ గొంతు ఎలా దిగిందో మహానుభావుడికి!

టీ వేళ కావస్తుండగా జాబితా తెర మీదికి వచ్చింది. అందులో ఒక్కటే నంబరు. అలవాటు కొద్దీ రిసీవరెత్తి అంకెలు నొక్కడం మొదలుపెట్టిన ఆమె వేలు సగంలో ఆగిపోయింది. అది తన నంబరే. ఆ లోపే సంచిలో సెల్లు మోగింది. రేపటి నుంచి రావద్దట. పంపినవారు తనేనట.

"లిస్టు నేను చూళ్లేదక్కా, ఒట్టు," అన్నాడు ప్రోగ్రామరు.

"ఇంట్లో ఆయనకేం చెప్పను? నన్ను నేనే తీసేసుకున్నాననా?" సంచి తీసుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు ప్రోగ్రామరు ఆమె పేరు చెరిపి చూశాడు. కోడు మొరాయించింది. "ఉండనీవయ్యా, నీ సొమ్మేం పోయింది," అన్నాడు మేనేజరు. టీ వేళకి మరో నలుగురికి ఆమె పేరుతోనే కబుర్లు వెళ్లాయి. ముందుగా ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. నలుగురూ ఆమెనే శాపనార్థాలు పెట్టారు. ఆమె బల్ల మీద రిసీవరు నిన్న వదిలినట్టే వెల్లకిలా పడి ఉంది, చెమట అంటకుండా ఆమె కుట్టి తొడిగిన పూల గుడ్డతో.