బరువులెత్తిన అనుభవం

"మోకాళ్ళు వంచాలి అత్తయ్యా, నడుం కాదు," అంటూ కెజియా ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఎత్తి స్టాండు మీద పెట్టింది. ఎదురుగా నిలబడి జీవన్ ఫోనులో వీడియో తీశాడు.

"చూశావా అమ్మా నీ కోడలి బలం!"

పుష్పమ్మ చూసింది. ఏలూరులో ఈ వాటాలో దిగిన నాటి నుంచి మొన్నమొన్నటిదాకా ఆ క్యాను ఎత్తింది తనే. వీడియో మాట దేవుడెరుగు, కొడుకన్నవాడు చెయ్యి కూడా అందించలేదు. కోడలిని చూసి కుళ్ళుకుంటున్నానని ఆమెకు తెలుసు. ఆదివారం చర్చిలో మోకరించి ఒప్పుకుంది కూడా. బయటికొచ్చి చెప్పులు వేసుకునేసరికి ఆ కుళ్ళు మళ్ళీ పక్కనే నడిచి వచ్చింది.

కెజియా ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు చేస్తోంది. పొద్దున్నే పుస్తకం పట్టుకుని కండరాల పేర్లు వల్లె వేస్తుంటే, వంట పుష్పమ్మది. పరీక్ష నెగ్గితే తాడేపల్లిగూడెంలో ఆడవాళ్ళ జిమ్‌లో ఉద్యోగం. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

బరువులెత్తడానికి కూడా పరీక్షట! కొల్లేటికోటలో పడవ లోంచి చేపల ట్రే, దాని మీద ఐసు, అంతా నెత్తికెత్తుకుని బురదగట్టు ఎక్కి లారీ దాకా మోసేది పుష్పమ్మ. మొగుడు శామ్యూల్ గట్టు మీద బీడీ కాలుస్తూ, "దానిది బలం కాదురా, అలవాటు," అనేవాడు తోటివాళ్ళతో. తరవాత అతనికి పక్షవాతం వస్తే ఆరేళ్ళు ఎత్తి కూర్చోబెట్టింది, పక్కకు తిప్పింది, కడిగింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని, "కట్టుకున్నవాణ్ణి మొయ్యడం కూడా ఒక పనేనా!" అనేది. ఆ రోజుల్లోనే ఒకనాడు ఎడమ భుజంలో ఏదో పటుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగారు గనక? చిన్నప్పుడు, "బడికి రాకమ్మా, నీ దగ్గర చేపల వాసన," అన్న జీవనే ఇప్పుడు పెళ్ళాం చెమటను ఫోనులో దాచుకుంటున్నాడు.

"ప్రాక్టికల్ పరీక్షకి యాభై దాటిన మనిషిని తీసుకురమ్మన్నారు అత్తయ్యా. మీరు రారూ?" అని అడిగింది కెజియా. "నొప్పులేవైనా ఉంటే ముందే చెప్పాలండీ. దెబ్బ తిన్నచోట కసరత్తు చేయించానంటే నన్ను అక్కడికక్కడే తప్పిస్తారు."

"నాకేం నొప్పులు? నీలాగ సుకుమారంగా పెరిగానా?"

కెజియా కాగితం మీద "లేవు" అని రాసుకుంది. ఒక్క మాట దాస్తే చాలన్నమాట. ఆ ఊహ పుష్పమ్మ నాలుక కింద బెల్లంముక్కలా రెండు రోజులు కరిగింది.

శనివారం జిమ్‌లో పరీక్ష. పరీక్ష పెట్టే జ్యోత్స్న అనే ఆవిడ కాగితాలు పట్టుకుని నిలబడింది. "భుజాలతో మొదలుపెట్టండి. రెండు డంబెల్సూ తల పైకి ఎత్తించండి," అంది.

కెజియా వచ్చి పుష్పమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పరీక్షలో వరసలు పనికిరావు, పేరు పెట్టి పిలవాలని ఆటోలోనే చెప్పింది.

"పుష్పమ్మ గారూ!"

పుష్పమ్మ ఉలిక్కిపడింది. ఒసే, ఏమే, శామ్యూల్ పెళ్ళాం, జీవన్ వాళ్ళమ్మ. తన పేరుకి "గారు" తగిలించి ఎవరూ పిలవగా ఎరగదు.

"ఇంకోసారి అడుగుతున్నానండీ. మీకు ఎక్కడైనా నొప్పి ఉందా?"

లేదంటే చాలు. ఈ ప్రశ్న అడగడం కూడా దీనికి ఎవరో కూర్చోబెట్టి నేర్పారు కదా అని మళ్ళీ కుళ్ళు వచ్చింది. అయినా ఇన్నేళ్ళలో అడిగింది ఇదొక్కతే.

"ఎడమ చెయ్యి చెవి దాటి లేవదమ్మా. మీ మావయ్యని తిప్పేటప్పుడు పోయింది. ఏడేళ్ళయింది."

కెజియా మొహం పాలిపోయింది. "మరి ఇంటి దగ్గర లేదన్నారు?"

"కుళ్ళుకొద్దీ అన్నాను."

జ్యోత్స్న కాగితాల మీంచి తలెత్తింది. కెజియా డంబెల్సు తీసి పక్కన పెట్టింది. "భుజాలవి వద్దండీ. నేల మీది బరువు ఎత్తుదాం," అని ఇసుక సంచీ తెచ్చి ముందు పెట్టింది.

పుష్పమ్మ కాళ్ళు ఎడం చేసి, మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి సంచీని మొలదాకా లేపింది. వీపు వంగితే బురదగట్టు మీద మనిషి నిలవదు. జ్యోత్స్న మిగతా పరీక్షవాళ్ళని పిలిచి, "ఈవిడ కాళ్ళు చూడండి," అంది. "ఎవరు నేర్పారమ్మా?"

అలవాటండీ, అనబోయి పుష్పమ్మ నోరు మూసుకుంది.

కసరత్తు మార్చినందుకే కెజియాకి ఎక్కువ మార్కులు పడ్డాయి. అది ఏడుస్తూ వచ్చి పట్టుకుంటే, పుష్పమ్మకి సంతోషమూ కలిగింది, మంటా ఆరలేదు.

"ఇక్కడ సంతకమండీ," అని కెజియా కాగితం అందించింది. పుష్పమ్మ, పోయినేడు చర్చి అరుగు మీద టీచరమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలతో, వేలు పెట్టి ఒక్కో వరసే చదువుకుంటూ వచ్చింది. "బరువులెత్తిన అనుభవం" అన్నచోట కోడలి గుండ్రటి రాతలో "లేదు" అని ఉంది.

పెన్ను అడిగి తీసుకుంది. ఆ మాటను అడ్డంగా కొట్టేసి, పక్కన కూడబలుక్కుంటూ రాసింది.

"ఉంది. ముప్ఫై ఏళ్ళు."

సంతకం ఆ తరవాతే పెట్టింది.