కరెంటు లేని ఇంట్లో గుమ్మడికాయ కేకు

నేను ఒక పాత కరెంటు ఓవెన్‌ని. గుండ్రటి అల్యూమినియం ఒళ్ళు, మూత మధ్యలో అద్దం కన్ను, పొట్టలో తీగచుట్ట. పుట్టుకతోనే పిరికిదాన్ని. వేడెక్కేటప్పుడు తీగ తెగుతుందేమోనని భయం, చల్లారేటప్పుడు మళ్ళీ వెలిగిస్తారో లేదోనని భయం. ఇప్పుడు అటక మీద ఉన్నానా, వీధిలో పాతసామాన్లవాడు కేకేస్తే చాలు, నా మూత టకటకలాడుతుంది. నవ్వకండి. ఒకసారి ఆ బండెక్కినదాన్ని నేను.

నన్ను మొదట కొన్నది రోజ్‌లిన్ టీచరమ్మ. ప్రతి క్రిస్మస్‌కీ నన్ను తుడిచి, తళతళలాడించి, "నా బంగారం" అనేది. ఒక ఏడు నా తీగ కాలిపోయింది. "దీనికి నూరేళ్ళూ నిండాయి" అని బంగారాన్ని తీసుకెళ్ళి తుక్కుబండి మీద పెట్టేసింది. మనుషుల ముద్దూ మురిపెం ఎందాకానో అప్పుడే తెలిసొచ్చింది.

ఆ తుక్కులోంచి నన్ను ఏరుకున్న మనిషి గౌరునాయుడు. ఉద్దానంలో లైన్‌మన్. కొత్తగా కాపురానికొచ్చిన భార్య పుణ్యవతి కోసం తెచ్చి, కొత్త తీగ వేసి, టెస్టర్ పెట్టి నా ఒళ్ళంతా పరీక్షించాడు. ఆయనకి కరెంటంటే బెదురే లేదు. స్తంభం మీద నిలబడి బీడీ వెలిగించే రకం. అలాంటివాడి చేతిలో పడ్డాక నాకూ కాస్త ధైర్యం చిక్కింది.

ఏటా ఆశ్వయుజంలో, పాదుల మీంచి తియ్య గుమ్మడికాయలు దిగే రోజుల్లో, ఆ ఇంట్లో నాకు పని పడేది. కాయకి మొదటి దెబ్బ గౌరునాయుడు వేసేవాడు. మగవాడి చెయ్యి పడకుండా ఆడది గుమ్మడికాయ కోస్తే ఇంటికి అరిష్టమని వాళ్ళ నమ్మకం. ఆ ఒక్క దెబ్బా వేసి ఆయన బయటికి పోయేవాడు. తురమడం, బెల్లం దంచడం, పిండి కలపడం, కేకు మాడితే మాట పడడం అన్నీ పుణ్యవతి వంతు. ఇందులో ధర్మసూక్ష్మమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ ఏడు దసరా వెళ్ళగానే తుపాను వచ్చింది. కొబ్బరిచెట్లు కూలి కరెంటు తీగలన్నీ తెగిపోయాయి. గాలి తగ్గీ తగ్గకుండానే గౌరునాయుడు తాడు భుజాన వేసుకుని బయల్దేరాడు.

"కరెంటిచ్చీసి వచ్చీస్తాను. ఆ గుమ్మడికాయ అలగే ఉంచండి, నానే కొడతాను" అన్నాడు.

పోయినవాడు పోయినట్టే. ఫోన్లు పలకవు, దారులనిండా పడ్డ చెట్లు. మూడోనాడు పొద్దున్న పాలు పోసే మనిషి గుమ్మంలోనే చెప్పింది. "పక్కూర్లో లైన్‌మేన్‌కి షాక్ కొట్టీసిందట. ఎవలో జనరేటర్ ఏసుకుంటే ఆ కరెంటు ఎదురెళ్ళి లైన్లోకి ఎక్కీసిందట. పేరు తెల్దు."

నాకు ప్రాణం పోయినంత పనైంది. ఏ కరెంటు తిని నేను బతుకుతానో అదే ఆయన్ని మింగేసిందా? పుణ్యవతి పాలచెంబు కింద పెట్టడం మరిచిపోయింది. అత్త చిన్నమ్మడు "మా వోడికేటీ అవ్వదు" అంది. అన్నది కోడలితో కాదు, గోడతో. కోడలి మొహం చూసే ధైర్యం ఆమెకి లేదు.

పుణ్యవతి వచ్చి గుమ్మడికాయ ముందు కూలబడింది. "అత్తా, కేకు సేస్తాను. సేతులు ఊరికే ఉంటే నాకు పిచ్చెక్కిపోతంది."

"మగోడి సెయ్యి పడకండా ఎలగే? ఎదురింటి బుడ్డోడ్ని పిలుద్దుము."

"వొద్దు. ఇంకో మగోడ్ని పిలిస్తే ఈ ఇంట్లో మగోడు లేడని మన నోటితో మనమే సెప్పినట్టు."

ముసలామె లేచింది. రెండు చేతులా ఆ కాయని ఎత్తి, గడప దాకా మోసుకెళ్ళి, చేతులు వదిలేసింది. కాయ రెండు చెక్కలైంది.

"ఓలమ్మో, జారిపోనాది" అంది, ఏమీ ఎరగనట్టు. "నువ్వు కొయ్యలేదు, నాను కొయ్యలేదు. ఇక తురుము."

తాతల నాటి ఆచారాన్ని ఒక్క అబద్ధంతో దాటేశారు! అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

తురుముతున్నకొద్దీ పుణ్యవతి చేతులకి ఊపు వచ్చింది. బెల్లం, గుడ్లు, గోధుమపిండి, ఏలకులు. కలుపుతూ కలుపుతూ ఉంటే ఆమె ఊపిరి కుదుటపడింది. అత్త పక్కన కూర్చుని జీడిపప్పు బద్దలు చేసి ఇచ్చింది. పాలమనిషి చెప్పిన మాట ఇద్దరూ ఎత్తలేదు. పిండిగిన్నె నా పొట్టలో పెట్టి, మూత వేసి, పుణ్యవతి స్విచ్ నొక్కింది.

"కరెంటు లేకండా ఏటే ఇది?"

"మావ తెస్తాడు."

ఓరి దేవుడో, ఇంత బరువు నా మీద పెట్టిందే! ఈ తీగ వెలగకపోతే ఆ పిల్ల ఏమైపోతుంది?

మధ్యాహ్నం దాటాక నా తీగచుట్ట సన్నగా మూలిగింది. మెల్లగా ఎర్రబడింది. వీధంతా "కరెంటొచ్చీసింది!" అని కేకలు. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ అరవలేదు. కరెంటు వచ్చింది గానీ మనిషి రాలేదు. ఇద్దరూ నా ఎదుట చతికిలబడి అద్దంలోంచి చూస్తూ ఉండిపోయారు. కేకు పొంగింది. కాగిన బెల్లం, గుమ్మడి కలిసిన వాసన ఇల్లంతా నిండింది. ఆ వాసన ఉన్నంతసేపూ చెడ్డకబురు గడప తొక్కదన్నట్టు ఇద్దరూ గుండెల నిండా పీల్చుకున్నారు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. గౌరునాయుడు! కుడిచేతికి మోచేతి దాకా కట్టు, మొహంలో నెత్తురుచుక్క లేదు. షాక్ కొట్టింది ఆయనకే. ఆయన చూపు ముందుగా గడప దగ్గర చెదిరిన గుమ్మడి గింజల మీద పడింది.

"నాను రాకండా కొట్టీసినారేటి? పోనాననుకున్నారా?"

చిన్నమ్మడు విసురుగా లేచింది. "పోనావనుకున్న ఇంట్లో తీపి సేస్తారేట్రా?" అంది. అన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు అప్పుడు బయటపడింది.

నన్ను ఆపాలని ఎవరికీ గుర్తులేదు. కేకు అంచులు మాడుతున్నాయి. చివరికి గౌరునాయుడే వచ్చి ఎడమ చెయ్యి స్విచ్ దాకా చాచాడు. చాచి, ఆగిపోయాడు. స్తంభం మీద బీడీ వెలిగించిన మనిషి వేలు స్విచ్ ముందు వణికింది. ఆ వణుకు నాకు కొత్తది కాదు, పుట్టినప్పట్నుంచీ నాది అదే వణుకు. పుణ్యవతి లేచి వచ్చింది. ఆయన వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది.

నేను మెల్లగా చల్లారాను. నా బతుకు మొత్తంలో ఆ ఒక్కసారే, చల్లారుతూ భయపడలేదు.