చుక్క పడిన చోటు

సూర్యకుమారి అప్పటికి నాలుగో రిపోర్టు మీద ఉంది. ఎడమ చేత్తో నడుము నొక్కుకుంటూ, కుడి చేత్తో ఆగకుండా రాసుకుపోతోంది. పిల్లల సంరక్షణ ఆఫీసులో పద్నాలుగేళ్లుగా కేసువర్కరు. ఏటేటా రెన్యువల్ కావలసిన కాంట్రాక్టు ఉద్యోగం. యాభై రెండేళ్లకే మోకాళ్లు అరిగాయి. అయినా అమలాపురం చుట్టుపక్కల ఆమె ఎక్కి దిగని బస్సు లేదు. రోజుకి ఆరు రిపోర్టులు రాస్తుందని పేరు. కామాలూ చుక్కలూ చేతికి ఎక్కడ తోస్తే అక్కడ పడేవి. అర్థమవుతుంది కదా అనుకునేది.

అయిదోది బ్లెస్సీ ఫైలు. తొమ్మిదేళ్ల పిల్ల, ఎనిమిది నెలలుగా ప్రభుత్వ బాలల హోమ్‌లో ఉంది. తండ్రి లేడు. తల్లి దానమ్మ ఐనవిల్లి దగ్గర కొబ్బరిపీచు మిల్లులో కూలి. కేసు మళ్లీ బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లాలి గనక సూర్యకుమారి తన పాత రిపోర్టు తెరిచి చదవసాగింది. రెండో పేజీలో చూపు ఆగిపోయింది.

‘తల్లికి తాగుడు అలవాటు ఉంది. పిల్లను పట్టించుకోదు అని బావగారు చెప్పారు.’

ఆ రెండు మాటలూ అన్నది దానమ్మ బావగారే, చనిపోయిన భర్తకు అన్న. ఇంటిస్థలం కోసం దానమ్మతో తగాదా పడుతున్న మనిషి. మధ్యలో చుక్క పడేసరికి మొదటి మాట ఆయనది కాకుండా పోయింది. సూర్యకుమారే కళ్లారా చూసి చెప్పినట్టయింది. వెనక పేజీలో కమిటీ ఉత్తర్వు ఉంది: ‘తల్లి తాగుతుందని కేసువర్కరు విచారణలో తేలింది.’

విచారణకు వాళ్లింటికి వెళ్లిన రోజు సూర్యకుమారి చూసిందేమిటి? తలనిండా పీచు ధూళితో పరుగున వచ్చి, కుర్చీని కొంగుతో తుడిచి వేసిన మనిషిని. తాగిన వాసన లేదు. ఆ తర్వాత నెలనెలా దానమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడి అదే మాట చెప్పేది: “నేను తాగనండి మేడంగారూ.” సూర్యకుమారి తలెత్తకుండానే, ఆర్డరులో అలాగే ఉందమ్మా అనేది. ఆ ఆర్డరులోకి అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారీ వెతకలేదు. రెండు నెలలుగా దానమ్మ రావడం మానేస్తే, ఒకందుకు నయమే అనుకుంది కూడా.

ఫైలు పట్టుకుని ఆఫీసరు దుర్గారావుగారి గదిలోకి వెళ్లింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి మెల్లిగా అన్నారు.

“చుక్కే కదండీ. తప్పు నాదని రాసిచ్చేరంటే రెన్యువల్‌కి మీకే ఇబ్బందండి. తల్లి ఇప్పుడు మారిందని రాసెయ్యండి, పిల్లనిచ్చేస్తారు.”

“మారడానికి ఆవిడ తాగితే కదండీ,” అంది సూర్యకుమారి.

ఆరు రిపోర్టులు రాసే మనిషి ఒక్క పేజీకి రెండు గంటలు పట్టించింది. ప్రతి వాక్యం పెదాలతో చదువుకుని మరీ చుక్క పెట్టింది. బావగారి మాటలకు రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టింది. చివర, ‘ఆమె తాగగా నేను చూడలేదు. పాత రిపోర్టులోని తప్పు నాది’ అని రాసి సంతకం చేసింది.

మధ్యాహ్నం దానమ్మ ఊరికి బస్సెక్కింది. పద్నాలుగేళ్లలో రాసిన రిపోర్టులెన్నో, వాటిలో ఎవరి మాట ఎవరి నెత్తిన పడిందో తలుచుకుంటుంటే, పక్కన కూర్చున్నామె చూపు కూడా తట్టుకోలేక కిటికీవైపు తిరిగింది.

దానమ్మ ఇంటికి తాళం ఉంది. పక్కింటి రత్నమాల బయటికి వచ్చి, దానమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లి పన్నెండు రోజులైందని, రెండేళ్ల దాకా రాదని చెప్పింది.

“ఇక్కడుంటే తాగుబోతునే అంటారు, పిల్లనివ్వరు. సంపాదించుకొచ్చి లాయర్ని పెట్టుకుంటాను అందండి. మీరు ఆఫీసు మేడంగారాండి?”

“ఆయ్. అలా రాసింది నేనేనండి.”

ఉత్తర్వు మారినా పిల్లను తీసుకెళ్లడానికి ఇప్పుడు తల్లి లేదని ఇద్దరికీ తెలుసు. రత్నమాల లోపలికి వెళ్లి, బ్లెస్సీకి ఇమ్మని దానమ్మ ఉంచి వెళ్లిన సంచి తెచ్చి అరుగు మీద పెట్టింది.

అందులో ఎర్ర చెప్పుల జత ఉంది, ధర చీటీ కూడా ఊడనిది. తొమ్మిదేళ్ల పిల్లకు కాదు, పదకొండేళ్ల పిల్ల పాదానికి సరిపోయేది.