ఎనిమిది దాకా

చొక్కా కాలరు కింద ఇస్త్రీ మడత ఒకటి పడింది. అంతే. బొటనవేలంత మడత. అతను దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. అరవలేదు, విసరలేదు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, “ఒకటి” అన్నాడు.

“రెండు” అనేలోపు ఆమె పొయ్యి కట్టేసింది. “మూడు”కి టీవీ ఆగిపోయింది. “నాలుగు”కి అయిదేళ్ళ కూతురు బొమ్మల్ని డబ్బాలో పడేసి, గోడవారగా చేతులు కట్టుకుని కూర్చుంది. వాగుడు ఆపదని ముద్దుగా చిలక అని పిలుచుకునే పిల్ల! చొక్కా మళ్ళీ ఇస్త్రీ బల్ల మీదికి వచ్చింది. “ఎనిమిది” దగ్గర అతను కళ్ళు తెరిచాడు. గడియారం పెట్టుకుని నవ్వాడు.

“చూశావా, కోపాన్ని ఎంత కంట్రోల్ చేసుకుంటున్నానో!”

చూసింది. చూడకేం? ఏడు నెలలుగా చూస్తూనే ఉంది.

ఏడు నెలల కిందట ఆమె ఎడమ చెయ్యి విరిగింది. మెట్ల మీద జారిపడ్డానంటే ఆస్పత్రిలో నర్సు కట్టు కడుతూనే అడిగింది, “ఏ మెట్లమ్మా అవి, వేలిముద్రలున్న మెట్లా?” ఆ నర్సే పట్టుబట్టి కౌన్సెలింగ్ సెంటరుకి పంపింది. అక్కడి మేడమ్ మంచావిడే, కాదనలేం. మొగుడూ పెళ్ళాల్ని ఒకే సోఫాలో కూర్చోబెట్టి, నెలకొకసారి రమ్మని, కోపం వచ్చినప్పుడు పది దాకా లెక్కపెట్టమని అతనికి నేర్పింది. అతనూ బుద్ధిగా నేర్చుకున్నాడు. నేర్చుకోడూ మరి! కారు డ్రైవింగ్ నేర్పే మాస్టారాయె. ఆయనంత ఓపిక ఇంకెవరికీ లేదని ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా చెప్పుకుంటారు. ఆ కారులో ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగు పట్టుకున్నవాళ్ళు బండి తామే నడుపుతున్నామనుకుంటారు, పాపం.

ఆమె ఉద్యోగం చొక్కాల ఫ్యాక్టరీలో, చెకింగ్ సెక్షన్లో. పైకి ఎంత బాగున్నా, చొక్కాని లోపలికి తిరగేసి కుట్లు చూడాలి. పదకొండేళ్ళుగా అదే పని. ఆ అలవాటు కాస్తా బుర్రకి పట్టేసినట్టుంది, మొగుడి మంచితనాన్ని కూడా తిరగేసి చూడబుద్ధేస్తోంది. ఇదివరకు కొట్టేముందు అతను గడియారం విప్పేవాడు. అద్దం పగులుతుందని. ఇప్పుడు కొట్టట్లేదు కదా, మరి గడియారం ఎందుకు విప్పుతున్నట్టు? ఈ ప్రశ్న ఎవర్ని అడగాలి? అడిగితే ఏమంటారో ఆమెకి తెలుసు. “ఒంటి మీద చెయ్యి పడి ఏడు నెలలైంది కదా, ఇంకేం కావాలి నీకు?” అన్నారు అత్తయ్య, నిన్నగాక మొన్న. “మా ఆయన్ని చూసుంటే తెలిసేది నీకు. మావాడు బంగారం. చదువుకున్నవాడు కాబట్టి లెక్కపెడుతున్నాడు.” సొంత తల్లి ఫోన్లో, “మారిన మనిషిని గిల్లకే, తల్లీ” అంది. ఫ్యాక్టరీలో పూట సెలవడిగితే సూపర్‌వైజరు, “మళ్ళీ ఏ మెట్లెక్కావ్?” అన్నాడు, పదిమందీ వినేలా. మిషన్ల మీద నుంచి నవ్వులు. నవ్వనిది ఒక్క గుండీలక్కే. గుండీలు కుట్టే ఆ పెద్దావిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఇందరు ఒకటే మాట అంటుంటే ఆమెకి తన మీద తనకే అనుమానం. నేనే అనుమానపు మనిషినా? దెబ్బలకి అలవాటుపడి మంచిని ఓర్చుకోలేకపోతున్నానా? కొట్టని మనిషికి భయపడితే పిచ్చి అంటారు. అయినా “ఒకటి” వినపడగానే అరచేతులు చల్లబడేవి. ఈమధ్య ఆఖరికి లిఫ్టులో అంతస్తుల నంబర్లు చదువుతుంటే కూడా కాళ్ళలో వణుకు. ఎవరితోనూ అనలేదు. అంటే మందులు రాసిస్తారు, అతను జాగ్రత్తగా వేళకి మింగిస్తాడు, అత్తయ్య మళ్ళీ బంగారం అంటారు.

వచ్చే బుధవారంతో కౌన్సెలింగ్ అయిపోతుంది. ఆమె సంతకం పెడితే ఫైలు మూసేస్తారు. ఇక నెలనెలా వెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు, అతన్ని అడిగేవాళ్ళూ ఉండరు. పెట్టకపోతే ఏమవుతుందోనని ఆమె ఎంత తర్కించుకున్నా ఆలోచన ఒక్కచోటికే వచ్చి ఆగేది. సంతకం పెట్టకపోయినా, పెట్టినా, ఇంటికి వచ్చేది అతని కారులోనే. పెట్టడానికే నిశ్చయించుకుంది కూడా.

సోమవారం సాయంత్రం స్కూల్లో టీచరమ్మ ఆపింది. “పిల్ల భలే చురుకండీ. అక్షరాలు, రంగులు, అన్నీ గడగడా చెప్తుంది. అంకెల దగ్గరే ఏదో తేడాగా ఉంది. ఒకసారి చూడండి.” పిల్లని దగ్గరికి పిలిచి లెక్కపెట్టమంది. పిల్ల మొదలెట్టింది. “ఒకటి” అంటూ పెన్సిళ్ళు డబ్బాలో పెట్టింది. “మూడు” అంటూ డబ్బా మూసింది. “అయిదు”కి పుస్తకం సంచిలోకి వెళ్ళింది. “ఎనిమిది” అని, చేతులు కట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడిపోయింది. టీచరమ్మ ఎంత బతిమాలినా మరి నోరు విప్పలేదు.

“రోజూ ఇంతే. ఇంట్లో పది దాకా నేర్పించండి” అంది టీచరమ్మ నవ్వుతూ.

ఆమెకి నవ్వు రాలేదు. పేవ్‌మెంటు మీద కాస్త దూరం నడిచాక, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “తొమ్మిది రాదా, నాన్నా?” అని అడిగింది.

పిల్ల అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. “రాకూడదు కదమ్మా.”

అయితే తనకి పిచ్చి లేదు. తిరగేసి చూడాల్సిన చొక్కా ఎదురుగానే, రెండు జడలు వేసుకుని నిలబడి ఉంది. ఏడు నెలలు తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది తప్ప, పిల్ల చేతులకేసి చూడనే లేదే! ఆ సిగ్గుకి, ఆ కోపానికి, రోడ్డు మీదే పిల్లని గట్టిగా కావలించుకుంది.

బుధవారం పొద్దున పిల్లని స్కూల్లో కాదు, గుండీలక్క ఇంట్లో దింపింది. సంచిలో పుస్తకాల కింద నాలుగు జతల బట్టలు. ఎన్నాళ్ళని గుండీలక్క అడగలేదు. “నువ్వూ ఇటే వచ్చెయ్యి. మంచం ఖాళీగానే ఉంది” అంది.

మధ్యాహ్నం కారులో అతను మెత్తగా అడిగాడు. “అడిగితే ఏం చెప్తావ్?”

“ఏముంది చెప్పడానికి?”

“అదే. ఏమీ లేదు కదా.” పక్కకి తిరిగి ఓసారి చూశాడు. వెనక సీట్లో అత్తయ్య, కొడుకు విజయం చూడటానికి వచ్చినావిడ, “సంతకం అవగానే అందరం బయట తిందాం” అన్నారు.

మేడమ్ ఫారం తీసింది. చెయ్యి చేసుకున్నాడా? లేదండీ. సామాన్లు పగలగొట్టాడా? లేదండీ. తిట్టాడా? లేదండీ. అన్నీ నిజాలే. మేడమ్ ముఖం విప్పారింది. “ఇంకేంటమ్మా, ఇక్కడ సంతకం పెట్టు” అంటూ కాగితం ఆమె ముందుకి జరిపింది.

“పెట్టనండీ.”

అత్తయ్య, “ఇదేం విడ్డూరం!” అన్నారు. అతను నవ్వాడు. మేడమ్ వైపు ‘చూస్తున్నారుగా’ అన్నట్టు చూశాడు. గడియారం విప్పి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

“ఒకటి.”

“అదీ, అలా ఉండాలి” అంది మేడమ్ మెచ్చుకోలుగా. “చూడమ్మా, ఇక్కడ కూడా...”

“రెండు.”

ఆమె అరచేతులు చల్లబడ్డాయి. అలవాటుకొద్దీ చూపు నేలకి దిగబోయింది. బలవంతాన తలెత్తింది. ఎత్తాక, ఇన్నాళ్ళూ కనిపించనిది కనిపించింది. “మూడు” వినగానే, ఇంకా ఏదో గొణుగుతున్న అత్తయ్య మాట సగంలో తెగిపోయింది. ఆవిడ సంచి జిప్పు లాగేసుకుని, దాన్ని ఒళ్ళోకి అదుముకుని, కళ్ళు దించుకున్నారు. ముప్ఫయ్యేళ్ళు ఒక ఇంట్లో నేర్చుకున్న పని, మావయ్య పోయినా చేతులకి గుర్తుంది. కొడుకుని బంగారం అన్నది ఈ నోరేనా!

“నాలుగు.”

“ఆ గడియారం ఎందుకు విప్పాడో అడగండి మేడమ్” అంది ఆమె. “నా చెయ్యి విరిచిన రోజు కూడా ఇలాగే విప్పి బల్ల మీద పెట్టాడు. అద్దం పగలకూడదని.”

“అయిదు.”

“మీరు నేర్పిన లెక్కేనండీ ఇది. రోజుకి మూడుసార్లు పెడతాడు. కూరలో ఉప్పుకి, చొక్కా మడతకి, నేను ఫోన్లో రెండు మాటలు ఎక్కువ మాట్లాడినందుకు.”

“ఆరు.” అతని గొంతు పెరగలేదు. ఇంకా మెత్తబడింది. మేడమ్ చూపు గడియారం మీద పడి, అక్కణ్ణుంచి అత్తయ్య ఒళ్ళోని సంచి మీదికి వెళ్ళి, అక్కడే నిలిచిపోయింది.

“ఏడు.”

మేడమ్ ఆమె ముందున్న ఫారాన్ని మెల్లగా తన వైపుకి లాక్కుని, దాని మీద చెయ్యి పెట్టుకుంది. లేచి వెళ్ళి, గది తలుపు బార్లా తెరిచి, నిలబడింది. “నిన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగాల్సిందమ్మా. మొదటిరోజే అడగాల్సింది” అంది.

“ఎనిమిది.”

అతను కళ్ళు తెరిచాడు. ఎప్పుడూ అక్కడే తెరుస్తాడు, అప్పటికి ఇల్లంతా సర్దుకుని ఉంటుంది. ఇక్కడ ఎవరూ ఏమీ సర్దలేదు. తలుపు తీసి ఉంది, గడియారం బల్ల మీదే ఉంది, భార్య సూటిగా కళ్ళలోకి చూస్తోంది. అతను ఆగిపోయాడు. తరవాతిది చెప్పడం అతనికీ అలవాటు లేదు.

“తొమ్మిది” అంది ఆమె. “చెప్పండి, ఆగారేం? మా పాపకి నేర్పాలి.”