గీతలు పడని ముక్క

సినిమా హాలు ఆపరేటరు పోయాక ఆయన ట్రంకుపెట్టెలో ఒక పాత సినిమా రీళ్ళు దొరికాయి. ఆట ఎత్తేశాక కంపెనీ వాళ్ళెవరూ వెనక్కి తీసుకెళ్ళకపోతే ఇంటికి తెచ్చుకున్నవి. గ్రహాంతర దయ్యం, స్నానాలు, అట్ట రాకెట్టు కలిపి వండిన సినిమా. అప్పట్లో జనం మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళేవారు. ఇప్పుడు పిల్లలు అలాంటి సినిమాలకి క్లబ్బు పెట్టి మరీ నెత్తిన పెట్టుకుంటున్నారు. కాలమహిమ!

క్లబ్బు వాళ్ళు వేస్తామంటే ఆయన భార్య సరేనంది గానీ గుండెల్లో రాయి పడింది. అందులో గాజుపెట్టెలోంచి తడిబట్టతో లేచే దయ్యం ఆవిడే. పెళ్ళికి ముందు, తను కుట్టిన విగ్గు ఇవ్వడానికి షూటింగుకి వెళితే, రావలసిన నటి రాలేదు. ఆ విగ్గు ఈవిడ నెత్తినే పెట్టారు. పెళ్ళయ్యాక ఆ సినిమా మొగుడు పనిచేసే హాల్లోనే ఆడింది. భయపడి ఆవిడ హాలు గడప తొక్కలేదు. ఆయన ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. తనని చూసి సిగ్గుపడ్డాడా, అసలు గుర్తే పట్టలేదా? ఇన్నేళ్ళూ ఆ ముల్లు గుచ్చుతూనే ఉంది. అడగడానికి అప్పుడు నోరు రాలేదు, ఇప్పుడు మనిషి లేడు.

ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు గదిలో కూతురి పక్కన కూర్చుంది. తెర నిండా గీతలు, వాన కురిసినట్టు. ఆడినకొద్దీ రీలుకి గీతలు పడతాయని ఆపరేటరు పెళ్ళానికి తెలియదా! గాజుపెట్టె వచ్చింది. వాన ఠక్కున ఆగిపోయింది. దయ్యం లేచినంతసేపూ తెర కడిగిన అద్దంలా ఉంది. పెట్టె మూతపడగానే మళ్ళీ వాన.

ఆవిడకి అర్థమైపోయింది. ఆ ముక్క కత్తిరించి దాచాడు, ఒక్క ఆటకీ వెయ్యలేదు. సినిమా ఎత్తేశాక మళ్ళీ అతికించాడు. ఆ రోజుల్లో ఒకసారి చిరిగిన చొక్కాతో, వాచిన మొహంతో ఇంటికొచ్చాడు. మిషను ఆగిపోతే జనం కొట్టారన్నాడు. మిషనూ ఆగలేదు, పాడూ లేదు. జనం వచ్చిందే ఈ ముక్క కోసం.

పిచ్చి మారాజు, అనుకుంది, కళ్ళు తుడుచుకుంది. వెంటనే ఒళ్ళు మండింది. తన్నులైనా తిన్నాడు గానీ పెళ్ళాన్ని ఒక్క మాట అడగలేదు. తనకి భయమున్నా, హాలంతా తనని చూసి ఈల వేస్తే వినాలని ఆశ కూడా ఉండేది.

గదిలో పిల్లలు ఇంకా ఈలలు వేస్తున్నారు.

"ఎవరమ్మా ఆవిడ? కళ్ళు భలే ఉన్నాయి," అంది కూతురు.

"నేనేనే."

ఆవిడ వెనక్కి తిరిగి మిషను దగ్గరున్నతన్ని పిలిచింది.

"బాబూ, ఆ ముక్క మళ్ళీ వెయ్యి. దానికీ నాలుగు గీతలు పడనీ."