తొమ్మిది దాకా లెక్కపెట్టే మనిషి

కోల్డ్ ఫోర్క్ ఊళ్లో ఎమెట్ టర్న్‌క్విస్ట్ నిజం చెప్పిన రోజు ఎవరికీ గుర్తులేదు. మోంటానా కొండల నడుమ, ఏడాదిలో సగం మంచు కింద పడి ఉండే ఊరికి నిజాలతో పనేముంది? పొద్దున్నే లొరెట్టా హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర ముసలాళ్లంతా చేరేవారు. వేయించిన గుడ్లు, బంగాళాదుంపలు, కప్పు ఖాళీ కాకముందే మళ్లీ నిండే కాఫీ. వాటి మీద ఉప్పు చల్లినట్టు ఎమెట్ ఒక కోత కోయాలి. ఓసారి తన పొలంలోకి వచ్చిన దుప్పి ఒకటి కంచె దూకబోయి, తనను చూసి మొహమాటపడి, గేటు తెరుచుకుని వెళ్లిందన్నాడు. వెళ్తూ గేటు మళ్లీ వేసిందని కూడా అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరూ నమ్మలేదు. అందుకే ఎవరికీ నష్టం లేకపోయింది.

జనం నమ్మిన కోత ఆ చలికాలమే మొదలైంది.

తూటాలు దొరకడంలేదని అప్పటికే అక్కడక్కడా గుసగుసలు వినబడుతున్నాయి. ఒకరోజు ఎమెట్ కాఫీ ఊదుకుంటూ, "ఫ్యాక్టరీలో ఇత్తడి అయిపోయిందటర్రా. ఇక ఉన్నవే ఉన్నట్టు. మా చుట్టపాయన అక్కడే పనిచేస్తాడు" అన్నాడు. అతనికి అక్కడ చుట్టమూ లేడు, పక్కమూ లేడు. బల్ల చుట్టూ ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకాయన గుడ్లు వదిలేసి లేచాడు. మధ్యాహ్నానికల్లా గస్ కొట్టులో తూటాల అర బోసిపోయింది. మర్నాడు పక్క ఊళ్లోనూ అంతే.

ఎమెట్ సంబరానికి పట్టపగ్గాల్లేవు. వీధిలో ఎవరు కనిపించినా, "కొన్నావా?" అని కన్ను కొట్టేవాడు. తను మాత్రం ఒక్కటీ కొనలేదు. సొంత అబద్ధానికి తనే భయపడతాడా ఎవడైనా? పైగా ఇంట్లో మిగిలిన ఒక్క పెట్టె పట్టుకెళ్లి పక్క పొలం వెండెల్ క్రౌచ్‌కిచ్చి, బదులు పొగబెట్టిన పంది తొడ ఒకటి తెచ్చుకున్నాడు. అది తిన్నన్నాళ్లూ ప్రతి ముక్కకీ నవ్వుకున్నాడు.

తర్వాత రేడియోలో ఇంకో కబురు వచ్చింది. ఏదో రాష్ట్రంలో కొత్త చట్టం తెస్తారట. ప్రతి తూటా మీదా ఒక నంబరు చెక్కుతారట. ఎవరు కొన్నదీ కంప్యూటర్లో ఉంటుందట. అది ఇంకా మాటల్లోనే ఉందని రేడియో మనిషి చెబుతూనే ఉన్నాడు, ఎమెట్ అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అక్కడేంట్రా, ఇక్కడే తిరుగుతున్నాడొకడు. బూడిదరంగు ట్రక్కు. బూడిదరంగు కోటు. ఇల్లిల్లూ తిరిగి పాత తూటాలు లెక్కపెడుతున్నాడు. లెక్కపెట్టాక ఒక్కటి తగ్గిందో, అది ఎవరికిచ్చావు, ఎక్కడ పేల్చావు అని మళ్లీ వస్తాడు."

"కాగితం మీద రాసుకుంటాడా?" అన్నాడు వెండెల్. కళ్లు చిన్నవి చేసుకున్నాడు.

"కాగితమెందుకు? వేళ్ల మీదే."

ఆ మాటన్నాక ఎమెట్‌కు ఇంకో ముచ్చట తట్టింది. ఆ లెక్కల మనిషికి ఎడమ చేతి బొటనవేలు లేకపోతే? పాపం, తొమ్మిది దాకా లెక్కపెట్టి మళ్లీ మొదటికి వస్తుంటాడు. భలే ఉందనిపించింది. కానీ మంచి ముక్క ఒకేరోజు ఖర్చుపెట్టడం అతని అలవాటు కాదు. రేపటికి దాచుకున్నాడు. పైకి అనలేదు.

మర్నాడు లొరెట్టా కాఫీ పోస్తూ చేయి మధ్యలోనే ఆపింది.

"ఎమెట్ మావా, నిన్ను అందరం అబద్ధాలకోరువంటాం గానీ, పాపమయ్యా. ఆ ట్రక్కాయన్ని మా అక్క మొగుడు వంతెన దగ్గర చూశాడు."

"చూశాడూ?" అన్నాడు ఎమెట్, మీసాల్లో నవ్వుతూ. "నామీద గౌరవం కొద్దీ చూసుంటాడు."

"వేళాకోళం కాదు. వంతెన మీద నిలబడి వేళ్లు మడుచుకుంటున్నాడంట. ఎడమ చేతికి బొటనవేలు లేదంట. తొమ్మిది దాకా వచ్చి, మళ్లీ ఒకటి నుంచి."

ఎమెట్ కప్పు ఎత్తాడు గానీ తాగలేదు. నిన్న నిద్రలో ఏమైనా వాగానా అనుకున్నాడు. వాగితే మాత్రం వినేదెవరు? ఇంట్లో ఉన్నది తనొక్కడే. కొట్టంలో బిస్కెట్ ఉంది గానీ అది గుర్రం.

బిస్కెట్ ముసలిదైపోయింది. గోధుమరంగు ఒంటి మీద తెల్ల వెంట్రుకలొచ్చాయి. ఎమెట్ పశువులు తోలిన రోజుల్లో అతన్ని మోసింది. పెళ్లీ పెటాకులూ లేని మనిషికి పొద్దున లేస్తే మొదట పలకరించే ముఖం దానిదే. అతని కోతలన్నీ ముందు విన్నదీ అదే. నచ్చకపోతే చెవులు వెనక్కి పెట్టేది.

ఆ వారం చివర మంచు ఆగకుండా కురిసింది. తెల్లారి చూస్తే కొట్టం తలుపు గాలికి ఊడి ఉంది, బిస్కెట్ లేదు. వాగు దగ్గర దొరికింది. నీళ్లు తాగబోయి మంచుగడ్డ మీద జారి, గట్టు రాళ్ల మధ్య పడింది. ముందుకాలు మోకాలి కింద వంగకూడని వైపు వంగిపోయింది. అరవడంలేదు. చూస్తోందంతే.

ఎమెట్ దాని మెడ కింద గడ్డి తోసి, తన కోటు కప్పి, ఇంటికి పోయి పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. దారి మూసుకుపోయింది, రేపటిదాకా రాలేనన్నాడాయన. "రేపటిదాకా దాన్ని ఉంచకు ఎమెట్. నీ దగ్గర రైఫిల్ ఉందిగా?"

రైఫిల్ ఉంది. నాన్న నాటిది, గోడకు వేలాడుతోంది. పంది తొడ ఎముక కూడా ఉంది, వంటింట్లో. తూటా మాత్రం లేదు.

మోకాళ్ల లోతు మంచులో వెండెల్ ఇంటికి నడిచాడు. వెండెల్ తలుపు కాస్త తెరిచి, సందులోంచి మాట్లాడాడు.

"ఒరేయ్ వెండెల్, నా పెట్టెలోంచే ఒక్కటివ్వు. బిస్కెట్ కాలు విరిగింది. బాధపడుతోందిరా."

వెండెల్ ముఖం పాలిపోయింది. ఆ గుర్రాన్ని అతనికీ తెలుసు. "నా ట్రాక్టర్ తీసుకుపో. నా కుడిచెయ్యి తీసుకుపో. తూటా ఒక్కటీ అడగొద్దు."

"పోనీ నువ్వే వచ్చి కాల్చు."

"ఎవరు కాలిస్తేనేం, తగ్గేది ఒకటేగా? లెక్కపెట్టి పోయాడ్రా."

"ఎవడు?"

"ఎవడంటావేంట్రా? బూడిద కోటు. మొన్న వచ్చాడు. ఈ బల్ల మీదే పరిచి లెక్కపెట్టాడు."

ఎమెట్ తలుపు పట్టుకున్నాడు. "ఒరేయ్ తిక్కలోడా, వాడు లేడురా! నేను పుట్టించానురా వాణ్ణి! లొరెట్టా హోటల్లో, గుడ్లు తింటూ!"

వెండెల్ కాసేపు అతన్నే చూశాడు. జాలిగా చూశాడు, అందుకే ఎమెట్‌కు మరీ భయం వేసింది.

"ఇలా అంటావని కూడా చెప్పాడు," అన్నాడు మెల్లిగా. "ఎమెట్ వస్తాడు, నేను లేనంటాడు, వినొద్దన్నాడు. తప్పుగా అనుకోకు." తలుపు వేసుకున్నాడు.

తర్వాతి రెండిళ్లలోనూ అదే మాట. ఊరి నిండా తూటాలు మంచాల కింద, అటకల మీద, పిండి డబ్బాల్లో దాగి ఉన్నాయి. ఒక గుర్రానికి దక్కేది ఒక్కటీ లేదు.

అతను ఖాళీ రైఫిల్ భుజాన వేసుకుని వాగు దగ్గరికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మంచు ఆగింది. ఆకాశం, నేల ఒకే తెలుపు. నీడ అన్నది ఎక్కడా లేదు. బిస్కెట్ ఊపిరి పొగలా లేచి, చాలాసేపు ఆగి, మళ్లీ లేస్తోంది. ఎమెట్ దాని పక్కన కూలబడి, చెవి వెనక గోకుతూ కూర్చున్నాడు. చెప్పడానికి కోత ఒక్కటీ నోటికి రాలేదు.

బిస్కెట్ చెవులు నిక్కాయి.

గట్టు మీద ట్రక్కు ఆగి ఉంది. వచ్చిన చప్పుడు లేదు. సరిగ్గా అతను చెప్పిన బూడిదరంగే. అందులోంచి దిగిన మనిషి కోటు కూడా అదే రంగు, మెడ నుంచి మడమల దాకా. ముఖం మాత్రం గుర్తుపెట్టుకుందామన్నా నిలవడంలేదు. ఎమెట్‌కు అప్పుడు తెలిసింది, ముఖం సంగతి తను ఎప్పుడూ చెప్పలేదని.

"ఇది మీ గుర్రమేనా?" అన్నాడతను. గొంతు మామూలుగా ఉంది, దారి అడిగేవాడిలా.

"నాదే."

అతను జేబులోంచి తూటా ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపాడు. నాలుగు వేళ్ల చెయ్యి. "ఎవరి లెక్కలోనూ లేనిది. కావాలా?"

"ఏం తీసుకుంటావు?"

"మీరు నాకు ట్రక్కిచ్చారు. కోటిచ్చారు. పనిచ్చారు. బొటనవేలు తీసేశారు, పోనీలెండి." అతను వంగి ఎమెట్ కళ్లలోకి చూశాడు. "సాయంత్రమైతే నేను ఎక్కడికి పోతానో మాత్రం చెప్పలేదు. అందుకని తిరుగుతూనే ఉన్నాను. చలిగా ఉందండీ. అది చెప్పండి చాలు."

ఎమెట్ నాలుక చివరిదాకా వెండెల్ పేరు వచ్చింది. ఒక్క మాట అంటే చాలు. రేపటినుంచి వీడు ఆ తలుపు సందులోంచి దూరిపోయి వాళ్ల వంటింట్లో కూర్చుంటాడు. తనన్న మాట ఎంత దూరం పోతుందో ఎమెట్‌కు ఇప్పుడు బాగా తెలుసు. వెండెల్‌కు భార్య ఉంది, మనవరాలుంది.

బిస్కెట్ ఒళ్లు వణికింది. మొదటిసారి మూలిగింది.

"మా ఇంట్లో ఉంటావు," అన్నాడు ఎమెట్. "మేడ మీద ఉత్తరం గది. మంచం ఉంది. కిటికీ సరిగ్గా మూసుకోదు."

"దుప్పటి?"

"ఒకటి చూస్తాలే."

ఆ మనిషి తల వంచి, తూటా అతని చేతిలో పెట్టాడు. అది వెచ్చగా ఉంది, చాలాకాలం ఎవరో గుప్పిట్లో దాచుకున్నట్టు. ఎమెట్ గుర్రం నుదుటి మీద చెయ్యి పెట్టి, దుప్పి గేటు తీసిన కథ మొదటినుంచి చెప్పాడు. గేటు మళ్లీ వేసే దగ్గరికొచ్చాక కాల్చాడు.

చప్పుడు కొండల్లో తిరిగి తిరిగి ఆగేదాకా అతను తలెత్తలేదు. ఎత్తేసరికి ఆ మనిషి మంచులో పడిన తూటా ఖాళీ గుల్ల ఏరి, ఊది, జేబులో వేసుకుంటున్నాడు. "ఒకటి," అన్నాడు తనలో తాను. గట్టెక్కాడు. ఎమెట్ వెనకాలే ఎక్కి చూస్తే గట్టు మీద మంచు పరిచిన దుప్పటిలా నలగకుండా ఉంది. చక్రాల జాడ లేదు. దూరాన తన ఇంటి పొగగొట్టంలోంచి పొగ లేస్తోంది. పొద్దున పొయ్యి ఆరిపోయిన సంగతి అతనికి గుర్తుంది.

ఆ తర్వాత బూడిదరంగు ట్రక్కును కోల్డ్ ఫోర్క్‌లో ఎవరూ చూడలేదు. వారం తిరిగేసరికి భయం సడలింది. వెండెల్ తలదించుకుని తూటాల పెట్టె తెచ్చి హోటల్ బల్ల మీద పెట్టాడు. "ఎక్కడికి పోయుంటాడంటావు వాడు?" అన్నాడు.

బల్ల చుట్టూ అందరూ ఎమెట్ వైపు తిరిగారు, కథ వస్తుందని. ఎమెట్ బంగాళాదుంపల మీద ఉప్పు చల్లుకున్నాడు.

"ఏంటి మావా, నాలుక గడ్డకట్టిందా?" అంది లొరెట్టా.

"గుడ్లు ఇంకో పొట్లం కట్టమ్మా. ఇంటికి."

"రెండోది ఎవరికి? కొత్తగా ఎవత్తెనైనా తెచ్చుకున్నావా ఏంటి ఈ వయసులో?"

అందరూ నవ్వారు. ఎమెట్ కూడా నవ్వబోయాడు గానీ సరిగ్గా కుదరలేదు. పొట్లం కోటు లోపల పెట్టుకుని, చల్లారకముందే ఇల్లు చేరాలన్నట్టు వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుంటే అతను మెట్ల కింద కుర్చీలో కూర్చుంటాడు. మేడ మీద ఉత్తరం గదిలో ఖాళీ గుల్ల చెక్క మీద దొర్లుతున్న చప్పుడు. ఆ తర్వాత గొంతు. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దాకా వచ్చి ఆగుతుంది. మళ్లీ ఒకటి. ఇన్నాళ్లూ ఎమెట్ చెవులు మూసుకునేవాడు. ఆవేళ మాత్రం తొమ్మిది దగ్గర ఆ గొంతు ఆగిన తీరు అతనికి కొత్తగా వినిపించింది. ఎవరైనా అందిస్తారేమోనని ఎదురుచూస్తున్నట్టుంది.

"పది," అన్నాడు ఎమెట్, కింద నుంచి.

ఈసారి పైన మళ్లీ ఒకటి వినిపించలేదు. తర్వాత మంచం కిర్రుమంది, ఎవరో పడుకున్నట్టు.