నడిమి మనిషి

"ఎట్లనో ఖాళీగనే ఉన్నవు గదా, వచ్చి నడిమిట్ల కూసో" అన్నాడు మొగుడు బాలకిషన్. అప్పుడు విమల చేతిలో సగం తోమిన గిన్నె ఉంది. ఆయన మగ్గానికి చుట్టాల్సిన నూలు కండెలు గంపెడున్నాయి. ఖాళీ అంటే ఆ ఇంట్లో అర్థం అదే. చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

కొత్తవాడకు టీవీ ఇంకా రాని రోజులవి. పక్కింటి మల్లికార్జున్‌కు తమ్ముడు దుబాయి నుంచి ముక్కలతో ఆడే ఒక యుద్ధం ఆట పంపాడు. ఆదివారం వస్తే అతనూ బాలకిషనూ దానికి అతుక్కుపోతారు. ఎవరి సైన్యం వాళ్లది. ఎదుటివాడికి ముక్కల వీపులే కనిపిస్తాయి, ఏది జనరలో ఏది సిపాయో తెలియదు. వంతుకొక్క అడుగు. రెండు ముక్కలు ఢీకొంటే రెండు సైన్యాల ముఖాలూ కనిపించేలా పక్కన కూర్చున్న నడిమి మనిషి ఓడినదాన్ని తీసేయాలి. అదేమిటో మాత్రం నోరు విప్పకూడదు. పెద్ద హోదాదే గెలుపు. గూఢచారి ఒక్కడు జనరల్‌నైనా పడగొట్టి, మామూలు సిపాయి చేతిలో చస్తాడు. జెండా ముక్క పోతే ఆట అయిపోయినట్టే.

విమలకు ఆ చోటు నచ్చింది. నోరు మూసుకోవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఆమె మాట చెల్లని ఇంట్లో, అక్కడ మాత్రం ఆమె తీసిన ముక్కను ఎవరూ తిరిగి పెట్టలేదు. "వదిన ఉన్నదంటే నాకు ఫికర్ లేదు" అనేవాడు మల్లికార్జున్.

ఓడీ ఓడీ విసిగిన బాలకిషన్ ఒకనాడు వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించాడు. "కొట్టే ముందు నేను ముక్క మీద వేలు పెట్టి నీ దిక్కు చూస్త. ఓడేదైతే కొంగు సర్దుకో. ఏం, నా పెండ్లానివి కాదా?"

ఆమె పొయ్యి వైపు తిరిగి కూర కలిపింది. ఆ మధ్యాహ్నం ఆట నడుస్తుండగా కరెంటు పోయింది. చెమటకు కొంగు జారితే చెయ్యి దానంతటదే లేచి సర్దింది. బాలకిషన్ అది సైగనుకుని వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆట గెలిచాక, వంటింట్లో "షాబాష్" అన్నాడు. ఇన్నేళ్ల చాకిరీకి ఆ నోట రాని మాట, చేయని తప్పుకు వచ్చింది. విమలకు తల కొట్టేసినట్టయింది. తన కొంగు తాను సర్దుకోవడం కూడా ఆయన పనిలోకే పోయిందా అని ఒళ్లు మండింది. ఏడ్చే ఓపిక లేక కండెలు చుట్టింది.

మరుసటి ఆదివారం, బరువు పని చేసేటప్పటిలా కొంగు బిగించి నడుముకు దోపుకుని కూర్చుంది. బాలకిషన్ ముక్క మీద వేలు పెట్టాడు, చూశాడు, మళ్లీ చూశాడు. ఆమె కదల్లేదు. గెలుపేననుకుని ముందుకు తోశాడు. మల్లికార్జున్ గూఢచారి చేతిలో ఆయన జనరల్ పోయాడు. విమల దాన్ని తీసి పక్కన పెట్టింది. కాసేపటికి జెండా కూడా పోయింది.

"ఆడిదాన్ని నడిమిట్ల కూసోపెడితే గిట్లనే ఉంటది!" అని అరిచాడు బాలకిషన్.

"గిందుల వదిన ఏం జేసిందన్నా?" అన్నాడు మల్లికార్జున్ అమాయకంగా.

చెబితే తన దొంగాటే బయటపడుతుందని బాలకిషన్ మళ్లీ ముక్కలు పేర్చసాగాడు. విమల లేచి ఆయన పక్కకు వచ్చింది. అలసటగానే ఉంది, గొంతు కూడా పెంచలేదు.

"జర జరుగు. ఈ ఆట నేనాడుత, నువ్వు నడిమిట్ల కూసో. నా ముక్కలన్ని నీకు కనపడుతయి. నోరు మాత్రం తెరవకు."